వదిలెయ్యదగిన పదకొండు

"సీరియల్ అనకు. సిరీస్ అను," అన్నాడు భర్త.

అప్పుడామె బాల్కనీలో తడి దుప్పటి పిండుతోంది. రెండో కొస పట్టుకునేవాళ్లు లేక, దాన్ని తలుపు గడియకి ముడేసి, ఈ కొస పట్టుకుని మెలితిప్పుతోంది. భర్త మూడడుగుల దూరంలో చతికిలబడి, ప్లాస్టిక్ తొడుగు వేయించుకొచ్చిన ఒక పెద్ద చార్టు అంచుల్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తున్నాడు. కొస పట్టుకోమని అడగొచ్చు. అడిగితే పట్టుకుంటాడు కూడా, దుర్మార్గుడేం కాదు. కాకపోతే ముందు "ఒక్క నిమిషం" అంటాడు. ఆయనగారి ఒక్క నిమిషం పూర్తయ్యేలోపు దుప్పటి దానంతటదే ఆరిపోతుందని పదమూడేళ్ల కాపురంలో ఆమెకి బాగా తెలిసొచ్చింది.

"సరే, సిరీస్. ఏమైందిప్పుడు దానికి?"

"దానికేం కాలేదు. నువ్వు చూడబోతున్నావ్," అని చార్టు ఎత్తి చూపించాడు.

పైన పెద్దక్షరాలతో "కొత్తగా చూసేవారికి దారి" అని ఉంది. ఆ సిరీస్‌లో ఏడు సీజన్లు, తొంభై నాలుగు భాగాలు. నిద్రపెట్టెల్లో మనుషుల్ని పడుకోబెట్టుకుని ఎక్కడో ఉన్న కొత్త గ్రహానికి పోతున్న ఒక పెద్ద నౌక కథ. ఏ ఆపదొచ్చినా కెప్టెన్‌ని పెట్టెలోంచి లేపుతారు, ఆయన లేచి కాపాడతాడు, మళ్లీ పడుకుంటాడు. దాన్ని మొదట్నుంచి చివరిదాకా వరసగా చూడ్డం మూర్ఖత్వమని భర్త నమ్మకం. రెండో సీజన్ మూడో భాగంతో మొదలుపెట్టాలి. అక్కణ్ణించి వెనక్కొచ్చి మొదటి సీజన్‌లో నాలుగు. తర్వాత బాణం గుర్తు ప్రకారం పోవాలి. ఆకుపచ్చ గీత ఉన్నవి తప్పనిసరి. పసుపుపచ్చవి ఓపికుంటే. పదకొండు భాగాల మీద మాత్రం ఎర్రగీత అడ్డంగా కొట్టి, పక్కన "వదిలెయ్యొచ్చు" అని రాశాడు.

భర్త ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తాడు. కాగితాలు సరిగ్గా లేవని వెనక్కి తిప్పి పంపడం ఆయనకి ఇష్టమైన పని. ఆ ఇష్టాన్నే ఇంటికి తెచ్చుకుని మూడేళ్లు కూర్చుని ఈ చార్టు తయారుచేశాడు. అభిమానుల సంఘంలో పళ్లడాక్టరొకాయన ఉన్నాడు. మొదటి భాగం నుంచి వరసగా చూడాల్సిందే, వేరే దారి లేదంటాడు. ఆయనకీ ఈయనకీ మూడేళ్లుగా ఉప్పూ నిప్పూ. ఆ గొడవ తేలాలంటే ఒక్క భాగమూ చూడని మనిషి కావాలి. ఆ మనిషికి ఈ చార్టు ప్రకారం చూపించి సంఘం ముందు నిలబెట్టాలి.

"నీకంటే కొత్తమనిషి నాకెక్కడ దొరుకుతుంది చెప్పు?" అన్నాడు, వరమిస్తున్నట్టు.

ఆ మాట నిజమే. ఇంట్లో గోడకి ఆ నౌక బొమ్మ, అల్మరాలో ఆ నౌక బొమ్మ, టీ తాగే కప్పు మీద కెప్టెన్ బొమ్మ. పదమూడేళ్లుగా వాటి మీద దుమ్ము దులుపుతోంది కానీ అందులో కథేమిటో చూడలేదు. ఎందుకు చూడలేదో భర్త ఊరందరికీ చెప్పాడు. "మా ఆవిడకి ఓసారి చూపించా. మొదటి పది నిమిషాల్లోనే గురక!" ఆ మాట ఆయన పెళ్లిళ్లలో చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు, తన చెల్లెలి అత్తవారింట్లో కూడా చెప్పాడు. అందరూ నవ్వారు. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది, పళ్లెం చేతిలో పట్టుకుని. ఆ రోజు పాపకి పంతొమ్మిది రోజులని, కుట్లు ఇంకా మానలేదని, ముందురోజు మొత్తమ్మీద నలభై నిమిషాలు పడుకుందని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. ఆ పది నిమిషాల తర్వాత వచ్చిన నిద్ర అంత కమ్మని నిద్ర మళ్లీ ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి.

"ఎప్పుడు చూడాలి?" అంది.

"గురువారం. నీకు సెలవేగా! రెండింటి నుంచి అయిదు దాకా. నేను గురువారాలు ఇంటినుంచే పనిచేస్తానని ఆఫీసులో చెప్పేశా కూడా."

ఆమె చేతిలో దుప్పటి మెలిక వదులైపోయి నీళ్లన్నీ కాళ్లమీద పడ్డాయి.

గురువారం రెండు నుంచి అయిదు అంటే ఏమిటో ఆ మనిషికి తెలీదు. ఎలా తెలుస్తుంది, ఆ వేళప్పుడు ఆయన ఇంట్లో ఉంటేగా. ఆమె ఆస్పత్రిలో మగవాళ్ల వార్డు నర్సు. వారానికి ఆరు రోజులు పొద్దున్న ఏడు నుంచి రెండు దాకా నిలబడే ఉద్యోగం, ఆ తర్వాత ఇంట్లో నిలబడే ఉద్యోగం. ఒక్క గురువారం మధ్యాహ్నం మాత్రం పాప బడిలో ఉంటుంది, అత్తగారు కునుకు తీస్తుంది, భర్త ఆఫీసులో ఉంటాడు. అప్పుడామె హాల్లో చల్లటి నేలమీద వెల్లకిలా పడుకుని, కాళ్లు రెండూ గోడకి నిటారుగా ఆనించి పెడుతుంది. పిక్కల్లో నరాలు ఉబ్బి తాళ్లలా కనిపిస్తున్నాయని చూసి, ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి చెప్పిన ఉపాయం అది. మొదట నరాల కోసమే చేసింది. తర్వాత్తర్వాత నరాల సంగతి మర్చిపోయి, ఆ మూడు గంటల కోసం చేసింది. ఫ్యాన్ చప్పుడు, వీధిలో ఏదో బండి చప్పుడు. ఎవరూ పిలవరు. వారంలో మిగతా గంటలన్నీ ఎవరో ఒకరివి, ఆ మూడు మాత్రం తనవి.

"గురువారం కాకుండా వేరే రోజు..." అని నసిగింది.

"నీకోసమే కదా ఇంత శ్రమ పడ్డాను! ఒక్కసారి నాతో కూర్చుని ఏదైనా చూశావా నువ్వు?" అని మొహం మాడ్చుకున్నాడు. లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "మగవాడికి ఆమాత్రం సరదా ఉండకూడదా అమ్మాయ్? తాగుతున్నాడా, తిరుగుతున్నాడా?" తాగనందుకూ తిరగనందుకూ ఆమె ఎప్పటికి రుణం తీర్చుకోవాలో అత్తగారు ఇంతవరకూ చెప్పలేదు.

అలా గురువారం పోయింది.

చూడ్డం అంటే తెరని చూడ్డం అనుకుంది పాపం. కాదు. భర్త కుర్చీ తెరవైపు కాక ఆమె వైపు తిప్పుకుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మొహం చూడ్డం ఆయన పని. "ఇప్పుడు చూడు... ఇప్పుడు... ఇదిగో... చూశావా?" అంటూ ఆమె మొహంలోకి వంగి వేలు చూపించేసరికి ఆమె ఆ వేలే చూసేది, ఈలోగా అక్కడ తెరమీద జరగాల్సింది జరిగిపోయేది. ప్రశ్న అడిగితే "అడక్కు, ముందు ముందు నీకే తెలుస్తుంది" అనేవాడు. అడక్కపోతే "నీకసలు ఆసక్తి లేదు" అనేవాడు. నవ్వాల్సిన చోట నవ్వకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చూపించేవాడు. ఏడవాల్సిన చోట ఏడవలేదని నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆయన స్నానానికెళ్లినప్పుడు ఆమె ఆ పుస్తకం తీసి చూసింది. "పదిహేడో నిమిషం: స్పందన లేదు. ఇరవై రెండు: ఆవలింత. కెప్టెన్ త్యాగం: గడియారం చూసింది."

గడియారం చూడక ఏం చేస్తుంది, ఆ టైముకి అత్తగారికి బిళ్ల వెయ్యాలి. తలుపు గంట మోగితే లేవాల్సింది ఆమే. టీ పెట్టాల్సింది ఆమే. "అమ్మాయ్, నా కళ్లజోడు ఎక్కడ?" అంటే వెళ్లి, అత్తగారి తలమీదున్న కళ్లజోడు తీసి ముక్కుమీద పెట్టాల్సింది ఆమే. ఆమె లేచిన ప్రతిసారీ భర్త ఆ బొమ్మని ఆపడు. "ఏం పర్లేదు వెళ్లిరా, అది ముఖ్యమైన సీన్ కాదు, నేను చెప్తాలే" అంటాడు. అయితే ముఖ్యం కాని సీన్లన్నీ ఆమె లేచినప్పుడే ఎలా వస్తున్నాయో, ముఖ్యమైనవన్నీ ఆమె కూర్చున్నప్పుడే ఎలా వస్తున్నాయో! ఒళ్లు మండిపోయేది. మండినా ఆ మంట మీద టీ కాగేది కాదు, మళ్లీ లేచి స్టవ్ వెలిగించాల్సి వచ్చేది.

అయినా ఆమెకి ఒక మనిషి కనిపించింది.

కెప్టెన్ పెట్టె మూత తెరిచేది ఒకావిడ. నౌకలో అందరూ పడుకుంటే మేలుకుని ఉండి పెట్టెలు చూసుకునేది ఆవిడొక్కతే. అభిమానులు ఆవిడకి పెట్టిన పేరు పెట్టెలావిడ. ప్రతి సాహసమూ ఒకేలా మొదలవుతుంది. మూత లేస్తుంది, కెప్టెన్ కళ్లు తెరుస్తాడు, "ఎంతసేపు పడుకున్నాను?" అంటాడు. పెట్టెలావిడ "కాసేపే" అంటుంది. ఆ ఒక్క మాట అభిమానులకి ఎంత ముద్దంటే చొక్కాల మీద వేయించుకుంటారు. భర్త టీ కప్పు మీద కెప్టెన్ బొమ్మ కింద ఉన్నది కూడా అదే మాట. ఆ కప్పు పదమూడేళ్లుగా కడుగుతున్నా ఆ మాట ఎవరిదో ఆమెకి ఇప్పుడే తెలిసింది. కెప్టెన్‌ది అనుకునేది.

మొదటి గురువారం పెట్టెలావిడ జుట్టు నల్లగా ఉంది, ఒంటిచేత్తో మూత లేపింది. రెండో గురువారం వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి, మూతకి రెండు చేతులూ వేసింది. మూడో గురువారం నుదుటి దగ్గర నెరిసింది. నడుస్తున్నప్పుడు ఒక్కో పెట్టె మీద చెయ్యి ఆనిస్తోంది. ఎడమ మోకాలు, అనుకుంది నర్సు.

"ఈవిడకి ఎన్నేళ్లు గడిచాయండీ?"

"ఏళ్లేంటి? కెప్టెన్ నిన్న పడుకుని ఇవాళ లేచాడు. వెంటనే తరువాయి కథ."

"నేను కెప్టెన్‌ని అడగలేదు. ఆవిణ్ణి అడిగా. ఆ మోకాలు చూడండి, అది ఒక రోజులో అరిగే మోకాలు కాదు."

"అది మేకప్ వాళ్ల పొరపాటు. నా చార్టులో రాశా కూడా, జుట్టు పట్టించుకోవద్దని."

"మరి ఆ ఎర్రగీతల్లో ఏముంది?"

"ఏం లేదు! అదే కదా చెప్పేది. కెప్టెన్ చివర్లో తప్ప కనపడడు, యుద్ధం లేదు. ఆవిడొక్కతే నౌకంతా తిరుగుతూ ఉంటుంది. పైపులు తుడుస్తుంది, పెట్టెలు తట్టి చూస్తుంది. కథ ఒక్క అడుగు ముందుకెళ్లదు. అవి నిజంగా జరిగినవి కావు, పెట్టెలావిడ కలలు. సంఘంలో సగంమందిమి ఎప్పుడో తేల్చేశాం."

"ఆవిడ అసలు నిద్రపోదుగా. నిద్రపోని మనిషికి కలలెలా వస్తాయి?"

భర్త నోటుబుక్కు మూసేశాడు. "మధ్యలో లేచి వెళ్తూ చూస్తే ఇలాంటి సందేహాలే వస్తాయి," అన్నాడు.

మర్నాడు పొద్దున్న వార్డులో హ్యాండోవర్ తీసుకుంటున్నప్పుడు కూడా ఆమెకి ఆ మాటే చెవిలో గింగురుమంటోంది. హ్యాండోవర్ అంటే వెళ్లే నర్సు వచ్చే నర్సుకి వార్డు అప్పజెప్పడం. మంచం పక్కన ఇద్దరూ నిలబడాలి. వెళ్లేవాళ్లు చెప్తారు: ఎవరు, ఎన్నేళ్లు, ఏం జబ్బు, ఏం ఇచ్చారు, ఏం ఇవ్వాలి, దేనికి భయపడాలి. వచ్చేవాళ్లు విని రిజిస్టరులో సంతకం పెడతారు. ఆ సంతకం పడేదాకా వెళ్లేవాళ్లు గుమ్మం దాటకూడదు, పడ్డాక ఒక్క నిమిషం ఉండక్కర్లేదు. ఇరవై ఆరు మంచాలు, ఇరవై ఆరు కథలు, అన్నీ మధ్యలోంచే మొదలవుతాయి. ఏ రోగీ ఆమె కోసం మొదటి భాగం నుంచి జబ్బుపడడు. పదిహేనేళ్లుగా ఆమె కథల మధ్యలోకే వెళ్తోంది. వెళ్లి ముందు మొహం చూస్తుంది, తర్వాత చేతులు, తర్వాత చీటీ. ఎక్కడా పొరపాటు పడలేదు. అలాంటి మనిషికి ఎలా చూడాలో బాణం గుర్తులు పెట్టి నేర్పుతున్నాడీయన.

ఆ సాయంత్రం కూతుర్ని పిలిచి ఫోనులో ఆ ఎర్రగీత భాగాలు వెతికిపెట్టమంది.

"నాన్న చార్టులో ఇవి వద్దని ఉందిగా అమ్మా?" అంది పన్నెండేళ్ల కూతురు.

"అందుకే."

కూతురు మొహం వెలిగిపోయింది. తన ఇయర్‌ఫోన్లు కూడా ఇచ్చింది, నాన్నకి చెప్పనని ఒట్టేసింది.

ఆస్పత్రికి వెళ్లడానికి బస్సులో నలభై అయిదు నిమిషాలు, రావడానికి నలభై అయిదు. ఒక్కో భాగమూ సరిగ్గా అంతే. సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చూసింది. చూస్తున్న మొహాన్ని చూసేవాళ్లెవరూ లేరు. అది ఎంత హాయో! నవ్వొస్తే నవ్వింది, రానిచోట ఊరుకుంది. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేకపోయింది.

కలలూ లేవు, పాడూ లేదు. కెప్టెన్ పడుకున్నాక ఆయన లేచేదాకా జరిగినదంతా ఆ పదకొండు భాగాల్లోనే ఉంది. మొదటి "కాసేపే"కి నాలుగేళ్లు. రెండోదానికి తొమ్మిది. పెట్టెలావిడ రోజుకి రెండుసార్లు నౌకంతా తిరిగి అన్ని పెట్టెలూ తడిమి చూస్తుంది. లోపలివాళ్లకి ఒంటిమీద పుళ్లు పడకుండా పక్కకి తిప్పుతుంది. తను మాట మర్చిపోకుండా ఒక్కొక్కరితో పేరుపెట్టి మాట్లాడుతుంది. పన్ను నొప్పొస్తే అద్దం ముందు నిలబడి తనే పీకేసుకుంటుంది. కెప్టెన్ లేస్తాడని గంట మోగగానే నోరు కడుక్కుని, జుట్టు దువ్వుకుని, నవ్వు తెచ్చుకుని మూత లేపుతుంది. "ఎంతసేపు పడుకున్నాను?" అంటాడాయన, ఒళ్లు విరుచుకుంటూ. పాపం ఆయన కంగారుపడతాడని "కాసేపే" అంటుంది. అయిదో భాగం దగ్గర ఆమెకి బస్సులో ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న ముసలావిడ ఏమీ అడక్కుండా కొంచెం జరిగి చోటిచ్చింది.

పదకొండోది చూసిన రోజు ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది. అందులో మొదటిసారి నౌక గోడమీదున్న డ్యూటీ పట్టీ చూపించారు. అంతకుముందు చూసిన భాగాలన్నిట్లోనూ ఆ గోడ మనుషుల వెనకాల కనపడుతూనే ఉంటుంది, కానీ దగ్గరగా చూపించింది అప్పుడే. దాంట్లో రెండు వరసలున్నాయి. ఒకటి పెట్టెలావిడది, రోజుకొకటి చొప్పున నలభై ఒక్క ఏళ్ల సంతకాలు. రెండోది కెప్టెన్‌ది. ఖాళీ. ఇద్దరూ చెరో రెండేళ్లూ వంతులవారీగా మేలుకోవాలన్నది మొదటి ఒప్పందం. ప్రతిసారీ ఆయన లేచాక ఏదో యుద్ధం రావడం, గెలిచి అలసిపోవడం, కెప్టెన్ ఆరోగ్యం ముఖ్యమని మళ్లీ పడుకోవడం. అడ్డుచెప్పాలని ఆయనకి తోచలేదు, అడగాలని ఆవిడకి నోరు రాలేదు. ఆ పదకొండో భాగంలో ఆవిడ ఏ ఆపదా లేకుండానే కెప్టెన్‌ని లేపి, తాళాల గుత్తి చేతిలో పెట్టి, పెట్టె పెట్టె దగ్గరా నిలబెట్టి అన్నీ అప్పజెప్పి, ఆయన ఖాళీ చేసిన పెట్టెలో తను పడుకుంది. మూత పడేముందు కెప్టెన్ ఒక ప్రశ్న వేశాడు. దానికి ఆవిడ చెప్పిన జవాబు విని, ఆమె బస్సులో పైకే నవ్వేసింది. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

సంఘం సమావేశం కూడా గురువారమే పెట్టాడు భర్త. ఆ రోజు ఊరంతటికీ సెలవు. "నీకెలాగూ సెలవేగా, ఫలహారాలకి ఇబ్బంది ఉండదు," అన్నాడు. తొమ్మిదిమంది వచ్చారు. పళ్లడాక్టరు, ఇంకో ఏడుగురు, వాళ్లతోపాటు ఇంకా ఒక్క భాగమూ చూడని ఒక కాలేజీ అమ్మాయి. హాల్లో గోడకి చార్టు వేలాడుతోంది, సరిగ్గా ఆమె కాళ్లు ఆనించే చోట.

ఆమె రెండో విడత టీ తెచ్చేసరికి భర్త లేచి నిలబడ్డాడు.

"ఇదిగో మా ఆవిడ. మొదటి పది నిమిషాల్లోనే గురకపెట్టిన మనిషి!" అందరూ నవ్వారు. "అలాంటి మనిషి నా చార్టు ప్రకారం ఆరు గురువారాలు చూసింది. చెప్పవోయ్, ఎలా అనిపించింది?"

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. ఈసారి నవ్వలేదు.

"ఆ గురకపెట్టిన రోజు పాపకి పంతొమ్మిది రోజులండీ," అంది, అతిథులవైపు చూసి. "ముందురోజు నలభై నిమిషాలు పడుకున్నా. ఈయన ఆ మాట ఎప్పుడూ చెప్పరు, గురక సంగతే చెప్తారు."

నవ్వులు ఆగాయి. ఎవరో దగ్గారు. భర్త "అబ్బ, సరదాకి అన్నానే" అన్నాడు. ఆ ఇబ్బంది పోగొట్టాలనేమో కాలేజీ అమ్మాయి అందుకుంది. "అక్కా, నేనింకా మొదలుపెట్టలేదు. నన్నెక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?"

"మొదటి భాగం నుంచి," అన్నాడు పళ్లడాక్టరు.

"రెండో సీజన్ మూడు," అన్నాడు భర్త.

"అమ్మాయి నన్నడిగింది," అంది ఆమె. తన గొంతు వార్డులో వినపడే గొంతులా వినపడి ఆమెకే వింతగా అనిపించింది. "ఎక్కణ్ణించైనా మొదలుపెట్టమ్మా. మధ్యలోంచైనా ఏం కాదు. మా వార్డులో రోజూ అంతే. కాకపోతే ఎక్కువ మాట్లాడేవాళ్లని కాదు, వాళ్ల వెనకాల నిలబడ్డవాళ్లని చూడు. ఎవరి జుట్టు నెరుస్తోందో, ఎవరి మోకాలు అరుగుతోందో చూడు. ఆ చార్టు మీద ఎర్రగీతలు కొట్టిన పదకొండున్నాయే, అవి ముందు చూడు. ఇంకొకటి, పక్కన కూర్చుని నీ మొహం చూసేవాళ్లెవరూ లేకుండా చూసుకో."

"ఎర్రగీతలవి నువ్వెప్పుడు చూశావ్?" అన్నాడు భర్త.

"బస్సులో. అవి కలలు కావండీ. ఆవిడ జుట్టు మేకప్ వాళ్ల పొరపాటూ కాదు."

"నేను మూడేళ్లుగా మొత్తుకుంటున్నది అదే వదినగారూ," అన్నాడు పళ్లడాక్టరు, గెలిచినవాడిలా.

"మీరు మొత్తుకున్నది వరస గురించండీ. ఆవిడ గురించి కాదు," అంది.

పళ్లడాక్టరు టీ కప్పు నోటికెత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్! నా బిళ్ల టైమైంది. నా కళ్లజోడు కూడా కనపట్లేదు."

తొమ్మిది తలలూ ఆమెవైపు తిరిగాయి. భర్త తల కూడా. అంతమందిలో ఒక్కరికైనా ఆ పిలిచిన మనిషి కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడని తోచలేదు. పాపం, పెద్దావిణ్ణి అనడానికేముంది. ఆవిడ కూడా కొడుకుని పిలిస్తే పలుకుతాడని ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె గోడ గడియారం చూసింది. రెండు దాటి అయిదు నిమిషాలు. చెంగుతో చెయ్యి తుడుచుకుని, భర్తకి ఎదురుగా వచ్చి నిలబడింది, మంచం పక్కన నిలబడ్డట్టు.

"అత్తయ్యగారు. డెబ్భై ఒక్క ఏళ్లు. బీపీ, షుగరు. మధ్యాహ్నం వేసేది తెల్లబిళ్ల, సగం. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చల్లవైతే మింగరు. కళ్లజోడు తలమీద ఉంటుంది, నవ్వకుండా తీసి ఇవ్వాలి, నవ్వితే చిన్నబుచ్చుకుంటారు. పాప స్నేహితురాలి ఇంట్లో ఉంది, నాలుగింటికి తీసుకురావాలి. స్కూలు డైరీలో తండ్రి సంతకం పెట్టాలి. మూడో తరగతి నుంచి మీ సంతకం నేనే పెడుతున్నా, ఇవాళ్టి నుంచి మీరు పెడితే టీచరు దొంగ సంతకం అనుకుంటుంది, వెళ్లి మాట్లాడండి. వచ్చినవాళ్లకి మూడో విడత టీ కావాలి, పాలు ఫ్రిజ్‌లో కింది అరలో ఉన్నాయి. వాషింగ్ మెషీన్ పాడై రెండు నెలలైంది, మీకు రెండుసార్లు చెప్పాను. అందుకని దుప్పటి బాల్కనీలో నానుతోంది, పిండాలి. రెండో కొస పట్టుకునేవాళ్లు లేకపోతే తలుపు గడియకి ముడెయ్యొచ్చు, బాగానే పనిచేస్తుంది."

నోటుబుక్కు భర్త చేతిలోనే ఉంది కానీ ఏమీ రాసుకోలేదు.

"ఇది ఇవాళ ఒక్కరోజుకి కాదు. ప్రతి గురువారం, రెండు నుంచి అయిదు, మీ డ్యూటీ. సందేహాలుంటే ఇప్పుడే అడగండి. అప్పజెప్పాక అడిగితే మా వార్డులో ఊరుకోరు."

"ఏంటిది... అందరి ముందూ..." అన్నాడు గొంతు తగ్గించి.

"అందరి ముందే గురకపెట్టానుగా," అంది.

అల్మరాలోంచి చాప తీసుకుంది. హాల్లో గోడ ఖాళీ లేదు, పడగ్గదిలో గోడ ఖాళీగానే ఉంది. గుమ్మం దాటి లోపలికెళ్లి, తలుపు రెక్క మీద చెయ్యేసింది. రేపు మాటలు పడాలి, అత్తగారి మూలుగులు వినాలి, ఆడబిడ్డ ఫోను వస్తుంది. అన్నీ ఉంటాయి. ఉంటే ఉన్నాయి, పిక్కల్లో నరాలు మాత్రం ఇవాళ గోడెక్కుతాయి.

"అమ్మాయ్!" అంది అత్తగారు మళ్లీ.

భర్త అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేసి, చివరికి ఆమె తలుపు దగ్గరికొచ్చాడు. ఒక చేతిలో ట్రే ఎలా వచ్చిందో ఆయనకే తెలీనట్టుంది. దానిమీద కెప్టెన్ బొమ్మున్న కప్పు ఉంది.

"సరే, వెళ్తాలే. వెళ్తున్నా. ఇంతకీ నువ్వు... ఎంతసేపు?" అన్నాడు.

వెనక హాల్లో ఆ ప్రశ్న వినగానే పళ్లడాక్టరు టీ కప్పు కింద పెట్టేశాడు. మిగతావాళ్లు కూడా కదలకుండా తలుపువైపే చూస్తున్నారు. కలలని తేల్చేసినా, వరసని తేల్చకపోయినా, పదకొండో భాగం చివర కెప్టెన్ ఏమడిగాడో, మూత పడేముందు పెట్టెలావిడ ఏమందో సిరీస్ చూసినవాళ్లందరికీ తెలుసు.

"కాసేపే," అని ఆమె తలుపు వేసుకుంది.